‘అన్నా’ పోయి ‘అండి’ వచ్చిన ఆదివారం

పోయిన ఆదివారం మా చర్చికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఆగి, కఠిన హృదయం అనగానే మీకెవరు గుర్తుకొస్తారని అడిగారు. ముందు వరుసలోని పిల్లలంతా ఒక్క గొంతుతో ఫరో అనేశారు, ఆయన మెచ్చుకున్నారు కూడా. నాకు మాత్రం మా నాన్న గుర్తుకొచ్చాడు. ఫరోకేం, బైబిల్లో దేవుడి మాట వినని రాజు, రథాలున్నవాడు. మా నాన్న తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీ కూలి, ఇంట్లో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, రెండు పూటలా మోకాళ్లూని ప్రార్థన చేసుకునే భక్తుడు. అలాంటివాడి గుండె రాయి కావడం నేను కళ్లారా చూశాను.

యాభైల మొదటి రోజులవి. మా నాయనమ్మ, పెదనాన్న చింతాద్రిపేటలో ఉండేవాళ్లు, మా తెలుగు చర్చీ అక్కడే, అందుకని ఆదివారం వస్తే తలలకు నూనె పెట్టుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని రైలెక్కి వెళ్లడం మాకు పండగలా ఉండేది. ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర అందరూ చేతులు జోడించి ఒకరికొకరు వందనాలు చెప్పుకోవడం మావాళ్ల ఆచారం, అందులోనూ చిన్నవాళ్లు పెద్దవాళ్లకు ముందుగా చెప్పడం మర్యాద. నాన్న జనంలోంచి తోసుకుంటూ వెళ్లి ‘వందనాలన్నా!’ అని కేకేస్తే, పెదనాన్న ఆయన వీపు మీద ఒక్కటి చరిచేవాడు. తండ్రి లేని ఇంట్లో పెరిగారు గదా, ఒకరంటే ఒకరికి ప్రాణం.

ఒక ఏడు మే నెల కత్తిరి ఎండల్లో నాయనమ్మ పోయింది. నాన్న అప్పుడు ఫ్యాక్టరీ పని మీద గూడూరు వెళ్లి ఉన్నాడు. తంతి అందగానే దొరికిన రైలు పట్టుకుని మరునాడు వచ్చేసరికే సమాధి అయిపోయింది. ఆ ఎండలకు శవం ఆగదని సంఘం పెద్దలంతా తొందరపెడితే పెదనాన్న సరేనన్నాడు, అందులో తప్పేమీ లేదని ఇవాళ నాకు తెలుసు, బహుశా నాన్నకూ తెలుసు. కానీ కన్నతల్లి ముఖం చివరిసారి చూడనివ్వలేదన్న బాధ ఆయనలో అలాగే ఉండిపోయింది.

అన్నతో మాట మానేశాడు. మర్యాద తిరగబడి, పెద్దవాడైన పెదనాన్నే ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర కాచుకుని ముందుగా వందనాలు చెప్పేవాడు. నాన్న ముఖం జేవురించి, పెదవులు వణికి, నన్ను చేయిపట్టి లాక్కుంటూ బయటికి నడిచేవాడు. మనసులో పగ ఉన్నవాళ్లు ప్రభువు బల్లలో, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారంలో, పాలుపొందకూడదు గనక, రొట్టె ఇచ్చే ఆదివారాల్లో తల వంచుకుని కూర్చుండిపోయేవాడు, కళ్లలో నీళ్లు తిరిగేవి. నలుగురూ అయ్యో అనేవాళ్లు. అమ్మ మాత్రం ధైర్యంగానే ఉండేది.

అలా రెండేళ్లు గడిచాక ఒక ఆదివారం నాన్న లేచివెళ్లి రొట్టె తీసుకున్నాడు. చర్చంతా గుసగుసలు, సంతోషం. పెదనాన్న ముఖం చాటంతయింది. అందరికంటే ముందు గుమ్మం దగ్గరికి పరిగెత్తి, చేతులు జోడించి నిలబడ్డాడు. నాన్న నెమ్మదిగా వచ్చాడు. ముఖం ఎర్రబడలేదు, పెదవి వణకలేదు. కొత్తగా చర్చికొచ్చిన ఎవరో పెద్దమనిషికి చెప్పినట్టు, చల్లగా, ‘వందనాలండి’ అని పక్కనుంచి వెళ్లిపోయాడు.

అన్నదమ్ములు కలిశారని పాస్టరమ్మగారు ఆనందంతో దేవునికి స్తోత్రం చెప్పారు. ఆ ‘అండి’ని నిజంగా విన్నది పెదనాన్న, అమ్మ ఇద్దరే. పెదనాన్న జోడించిన చేతులు దించడం కూడా మరిచిపోయి అలాగే ఉండిపోయాడు. తిరుగు రైల్లో అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే, మంచే జరిగింది గదమ్మా అని అడిగాను.

“మొహం తిప్పుకున్నన్నాళ్లు లోపల అన్న ఉండాడులే అనుకున్నా పాపా. ఈ పొద్దు ఆడ ఎవురూ లేరు” అంది.

తరువాత ప్రతి నెలా రొట్టె తీసుకున్నాడు, ప్రతివారం వందనాలండి అన్నాడు. ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. పెదనాన్న మంచాన పడ్డప్పుడు కూడా పళ్లు పట్టుకుని చూడటానికి వెళ్లాడు. ఎముకలు తేలిన పెదనాన్న ఆయన చేయి పట్టుకుని, “ఒక్కసారి నన్ను తిట్రా తమ్ముడా. ఈడ మనోళ్లే గదా, నోరారా తిట్టు” అని బతిమాలాడు. నాన్న చేయి విడిపించుకోలేదు, విసుక్కోలేదు. “గంజి తాగినారాండీ?” అని అడిగాడు. నాకు అంత దయలేని మాట మళ్లీ ఎక్కడా వినబడలేదు.

ఆ వారమే పెదనాన్న పోయాడు. ఈసారి నాన్న సమయానికే ఉన్నాడు, అన్న ముఖం కావలసినంతసేపు చూశాడు, పెట్టె మోశాడు, గుప్పెడు మట్టి వేశాడు. ఇంటికొచ్చి గడపలో కూలబడి, భయపడిన పసివాడిలా అమ్మ వైపు చూస్తూ, “నాకు ఏడుపు రాలేదే. ఎంత పిలిచినా రాలేదు” అన్నాడు.

అప్పటినుంచి అమ్మ ప్రార్థన ఒక్కటే, ప్రభువా, ఈయనకు ఏడుపు ఇవ్వమని. చాలా ఏళ్లు అడిగింది. అమ్మ పోయిన రోజున నాన్న ఆమె తల దగ్గర పొడి కళ్లతో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ మర్యాదగా వందనాలండి, వందనాలండి అని చెబుతూనే ఉన్నాడు.

ఇప్పుడు మా చర్చి పెద్దదైపోయింది, ఎవరు ఎవరికి వందనాలు చెప్పారో, ఏమని చెప్పారో వినే తీరిక ఎవరికుంది. ఇంట్లో నా కొడుకులిద్దరూ గొంతులు చించుకుని పోట్లాడుకుంటుంటే కోడళ్లు కంగారుపడి, మీరైనా చెప్పండత్తయ్యా అని నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. అరుచుకోనీ తల్లీ అంటాను. వాళ్లు ఒకరినొకరు ‘ఏమండీ’ అన్ననాడు నన్ను పిలవమంటాను.