నాన్న ప్రసంగంలో సినిమా

హన్మకొండలో సినిమా హాలు ముందు పాప్‌కార్న్ వాసన తగిలితే నాకు నాన్న ప్రసంగం గుర్తొస్తుంది.

నాన్న కొత్తవాడలో పాస్టరు. మా ఇంట్లో సినిమాలు నిషిద్ధం. అయినా ఒకసారి అమ్మ నన్ను చాటుగా సినిమాకు తీసుకెళ్ళింది.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో నాన్న బైబిలు మూసి, "ఇప్పుడు ఆడుతున్న ఒక సినిమాల, తమ్ముని బదులు అన్న ఉరికంబం ఎక్కుతడు," అన్నాడు. అది మేం చూసొచ్చిన సినిమానే. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా సంగతి దేవుడే నాన్నకు చెప్పేశాడని వణికిపోయాను.

"యేసయ్య మనకోసం చేసింది గిదే," అంటూ నాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంట్లో అన్నం దగ్గర అమ్మ మెల్లగా అడిగింది. "మీకు కథంతా ఎవరు చెప్పిన్రు?"

నాన్న తలెత్తలేదు. "జర పప్పు ఎయ్యి," అన్నాడు.

ఏదో హాల్లో, చీకట్లో, నాన్న కూడా ఒంటరిగా కూర్చుని ఏడ్చాడని నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది.