కప్పు మీద కొలిమి పెళ్ళాం

బ్యానర్లు వేసే షాపులో ఏళ్ళ తరబడి వేడి మెషీన్ల పక్కన నిలబడి నిలబడి అతనూ అలాగే తయారయ్యాడు. ముట్టుకుంటే కాలతాడు. అందుకే అందరూ కొలిమి అనేవాళ్ళు. ఓనరుతో పోట్లాడి బయటికొచ్చాక, ఇంటి ముందుగదిలో కప్పుల మీద ఫోటోలు అచ్చేసే మెషీను పెట్టుకున్నాడు. ఆన్‌లైన్ షాపు కట్టే పని బామ్మర్దిది. ఫోటో పంపితే చాలు, కప్పో దిండో గడియారమో దాని మీద వేసి ఇంటికి పంపుతారు.

నమూనాకి ఏదో ఒక ముఖం కావాలి కదా. బామ్మర్ది తన అక్క ఫోటో పెట్టాడు, తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వుతున్నది. ఖర్చు లేని మోడల్ దొరికిందని కొలిమి సంబరపడ్డాడు. పైగా హుకుం జారీ చేశాడు.

"ఫోటో పెట్టలేదని ఎవడి ఆర్డరూ ఆగకూడదురా. ముందు బేరం పడనీ."

చాలా రోజులు ఈగలు తోలుకున్నారు. చివరికి ఒక పొద్దున బామ్మర్ది ఎగిరి గంతేశాడు. "బావా, బోణీ!"

కొలిమి ఫోన్ లాక్కుని చూశాడు. ఒక కప్పు. కొన్నది మగవాడు. కప్పు మీద తన పెళ్ళాం.

"ఎవడ్రా వీడు?"

"కస్టమర్, బావా."

"కస్టమరయితే వాడి పెళ్ళాన్ని వేయించుకోవాలి. నా పెళ్ళాం దేనికి వాడికి?"

"ఫోటో పెట్టడం మర్చిపోయుంటాడు, నమూనా అలాగే ఉండిపోయింది. ఆపొద్దన్నది నువ్వేగా!"

కొలిమి చెవికి అది ఎక్కలేదు. వాడెవడో పొద్దున్నే లేస్తాడు, మొహం కడుక్కుంటాడు, ఆ కప్పు అందుకుంటాడు, పెదవుల దాకా... ఆ పైన ఊహించుకోవడం అతని వల్ల కాలేదు.

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, సంగతి విని పకపకా నవ్వింది. "చూశావురా తమ్ముడూ, నాకూ గిరాకీ ఉంది!"

కొలిమి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "అసలు ఈ ఫోటోలో ఎవర్ని చూసి అంత నవ్వు?"

"ఏమో, ఎవరికి గుర్తు? నవ్వులు కూడా దాచిపెట్టుకుంటారా ఎవరైనా?"

"ఆర్డర్ కొట్టేస్తున్నా."

ఆమె నవ్వు ఆగిపోయింది. "కొట్టేయండి. బోణీయే కాలదన్నుకుని, రేపు ఆ ఓనరు ముందు చేతులు కట్టుకుని నిలబడతారా?"

కొలిమి వేలు గాల్లోనే ఆగింది. ఆ ఓనరు మొహం గుర్తొస్తేనే ఒళ్ళు మండుతుంది. కానీ ఈ కప్పు పంపించడమా! పళ్ళు నూరుతూ కస్టమర్‌కే ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టాడు.

"కప్పు కొన్నది మీరేనా? దాని మీదున్నావిడ మీకేమవుతుంది?"

"ఏ ఆవిడండీ?"

"నవ్వుతున్నావిడ!"

"అది మా నాన్న ఫోటో కదండీ... అయ్యో, ఆగండాగండి. ఫోటో పెడుతుంటే బస్సొచ్చింది, ఎక్కేశాను. పెట్టాననే అనుకున్నా. ఇప్పుడే పంపిస్తా. బాబోయ్, ఆవిడ బొమ్మతో కప్పు ఇంటికొచ్చుంటే మా ఆవిడ నన్ను గడప తొక్కనిచ్చేదా! పుణ్యం కట్టుకున్నారు సార్."

కాసేపటికి ఫోటో వచ్చింది. బట్టతల, బోసి నోరు, బుర్ర మీసాలు. కొలిమికి అంత అందమైన మనిషిని ఎప్పుడూ చూసినట్టు లేదు. తనే దగ్గరుండి అచ్చేసి, మెత్తటి గుడ్డతో తుడిచి మరీ పెట్టెలో పెట్టాడు.

"ఒరేయ్, మీ అక్కని తీసెయ్. నమూనాకి నన్ను పెట్టు."

"అమ్మకాలు కావాలా వద్దా బావా?"

కొలిమి అప్పటికే లోపలికెళ్ళి, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నవ్వమంటే నవ్వాడు. ఆ నవ్వు చూసి బామ్మర్దే నోరు తెరిచాడు. ఇంతలో భార్య వచ్చి ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దురా."

"ఏం, బాలేదా?" అన్నాడు కొలిమి.

"బావున్నారు. అందుకే వద్దు. ఏ మహాతల్లో ఫోటో పెట్టడం మర్చిపోయినట్టు నటిస్తే? ‘నేను మీకేమవుతాను’ అని ఆవిడకి ఫోన్ చేస్తారా?"

బామ్మర్ది ఇద్దరికీ దండం పెట్టి, ఫోటో లేకుండా ఆర్డరే పడకుండా షాపు సరిచేస్తూ కూర్చున్నాడు. "నీకు అనుమానం మరీ ఎక్కువే" అని కొలిమి ఆమె మీద విసుక్కున్నాడు గానీ, ఆ ఇస్త్రీ చొక్కా మాత్రం ఆ రోజంతా విప్పలేదు.