వేర్ల మీద పరిచిన బండలు

నాకు పెళ్లయి నెల కూడా కాలేదు. కరీంనగర్ జిల్లాలో మా అత్తగారిది నేతవాళ్ల వాడ. వేపచెట్ల నీడన మగ్గానికెక్కించే పడుగు దారాలు చాచి గంజి పట్టించే చోట బురద కాకుండా బండలు పరుస్తున్నారు. వేర్లు అడ్డొస్తున్నాయని మామ గొడ్డలెత్తారు.

"కొట్టకుండ్రి మామా!" అని అరిచేశాను.

కొత్త కోడలు మామ ఎదుట గొంతెత్తడమా! అందరూ నావైపే చూశారు.

మామ గొడ్డలి దించారు. "మరెట్ల పరువాలె బిడ్డా?"

"మా తల్లిగారింట్ల వేర్ల మీద ఇసుక పోసి, సున్నం పెట్టకుండ పరిచిండ్రు. మొదలు చుట్టూ మన్ను ఇడిసిపెట్టిండ్రు. వేరు లావై బండ లేస్తే, తీసి మల్ల సదరొచ్చు."

అలాగే పరిచారు. ఆ రోజు ఆయన కసిరి ఉంటే ఆ ఇంట్లో మళ్లీ నోరు విప్పేదాన్నే కాదు. తరువాత ఎప్పుడు బండ లేచినా మామ వాడంతా వినేలా కేకేసేవారు:

"మా కోడల్ని పిలువుండ్రి!"