సర్దారు గారి ఆమెన్

ఆ రోజుల్లో దేవుడికి వార్తాపత్రికతో పని ఉండేది కాదు. లోకంలో జరిగిందంతా మా బొగ్గుబాయి కాలనీ సంఘస్తులమే సాయంకాలం ఇంటి ప్రార్థన కూటాల్లో ఆయనకు చెప్పేవాళ్లం. "ప్రభువా, నీకు ఎరికే, నిన్న మెట్‌పల్లి కాడ బస్సు బోర్ల పడ్డది" అని ఒకరు మొదలుపెడితే, "తండ్రీ, మా అవ్వకు మళ్ల జరమొచ్చింది, మా వదినె సూస్తలేదు, గదీ నీకు ఎరికే" అని ఇంకొకరు అందుకునేవారు. (ఆ వదినె పక్కనే కళ్లు మూసుకుని కూర్చునేది. ప్రార్థనకు అడ్డు చెప్పకూడదు గనుక పళ్లు కొరుక్కుని ఊరుకునేది.) పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చిన ఏడు ఈ ప్రార్థనలు మరీ పొడుగయ్యాయి. నేను అప్పుడే శిక్షణ ముగించి ఆ సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశిగా, వాళ్ల మాటలో అయ్యగారిగా, వచ్చాను. ఒంట్లో గొంతు తప్ప ఇంకేమీ లేనివాణ్ణి.

సంఘపెద్దను అందరూ సర్దారు అనేవారు. బాయి కింద ఒక జట్టు కూలీలకు ఆయనే పెద్ద. అక్కడ ఆయన మాట వినకపోతే కప్పు కూలుతుందని భయం. పైకి వచ్చాక కూడా ఆ భయం ఎవరికీ పోలేదు, ఎదుటివాడి మాట పూర్తి కానివ్వని అలవాటు ఆయనకూ పోలేదు. ఆయన ఒక్కగానొక్క కూతురు మిషన్ బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేది. తల్లి లేని పిల్ల. నాకు ఆమె అంటే ఎందుకు ఇష్టమో ఆమెను చూసిన ఎవరైనా చెప్పగలరు. ఆమెకు నేనంటే ఎందుకు ఇష్టమో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక ఆదివారం గుడి మెట్ల మీద "మా బాపుకు మీరే చెప్పుండ్రి" అని చెప్పి వెళ్లిపోయింది.

చెప్పడానికి వెళ్లాను. "సర్దారు గారూ, ఒక మాట..." అనగానే, "మాటలేంది అయ్యగారూ, మాటలు ఆదివారం చెప్పుండ్రి. జర చాయ్ తాగుండ్రి" అన్నారు. ఎన్నిసార్లు పోయినా చాయ్ తాగి రావడమే అయింది. చక్కెర దొరకని ఆ రోజుల్లో ఆయన డబ్బాకు నేనొక గండమయ్యాను.

ఆయన నోరు మూసుకుని వినేది ఒక్కటే, ఇతరుల ప్రార్థన. అది అయిపోగానే అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవారు. ఆ మాట అంటే ఆయనకు ఎంత గురి అంటే, బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పనిచేసే లాంతరు మామ చేత సారా మాన్పించింది అదే. మామ భార్య, తన పెనిమిటి తాగుడు మానాలని కూటంలో ప్రార్థిస్తే, మామ పరధ్యానంగా ఆమెన్ అనేశాడు. మర్నాడు సారా దుకాణం దారి పట్టిన మామను సర్దారు రెక్క పట్టుకుని ఆపారు. "ఆమెన్ అన్నవా లేదా? దేవుని ముంగట సంతకం పెట్టినట్టే. ఇంక ఎనక్కి మర్రుడు లేదు." పాపం, మామ అప్పటి నుంచి చాయ్ మీదే బతుకుతున్నాడు.

చెప్పాల్సింది ప్రార్థనలోనే చెప్పేయాలని నేనూ ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ వారం కూటం సర్దారు ఇంట్లోనే. సరిహద్దుల్లోని జవాన్ల కోసం ప్రార్థన మొదలుపెట్టాను. అక్కడి నుంచి ఈ ఇంటికి రావాలి. ధైర్యం చాలక కాశ్మీరం మంచులో కాసేపు ఆగి, గోదావరి వరదల మీదుగా, ఆఫ్రికా మిషనరీలను పలకరించి, చివరికి సర్కారు వారి ధాన్యం సేకరణ కోసం కూడా వేడుకుని కూర్చున్నాను. ఈ ఇల్లు మాత్రం చేరలేదు. సర్దారు కూతురు ఒక కన్ను తెరిచి నన్ను చూసిన చూపును నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

తరువాత సర్దారు ప్రార్థించారు. "ప్రభువా, ఆదివారం నాడు కాజీపేట నుంచి మా బిడ్డను చూడనీకి వస్తుండ్రు. పిలగానికి రైల్వేల కొలువు. దారిల ఏం పరేషాన్ లేకుంట తోల్కరా తండ్రీ." అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను. (ఉపదేశిని, అనక చస్తానా!) నా బతుకు అక్కడితో ముగిసిందనుకున్నాను.

అప్పుడు ఆమె గొంతు వినిపించింది. పెళ్లికాని పిల్లలు కూటంలో పైకి ప్రార్థించడం అరుదు. "తండ్రీ, కాజీపేటోళ్లు మంచోళ్లే, వాళ్లను సల్లగ సూడు. కని నాకు ఆ సంబంధం వద్దు. మా అయ్యగారిని చేసుకోవాలని నా మనసుల ఉన్నది. బాపుకు చెప్తమంటే ఇననియ్యడు. అవ్వ ఉంటే అవ్వతోని చెప్పిద్దును. ఇప్పుడు నువ్వే చెప్పాలె. బాపు మనసు నొవ్వకుంట చెయ్యి. యేసు నామమున అడుగుతున్న తండ్రీ."

నేను కళ్లు తెరిచి చూశాను. పొద్దుటి షిఫ్టు చేసి వచ్చిన సర్దారు తల గుండెల మీదికి వాలి ఉంది. గురక లాంటిది కూడా వినిపించింది. ఆ గురకలోంచే, అలవాటు కొద్దీ, ఇల్లదిరేలా ఒక్క మాట వచ్చింది.

"ఆమెన్!"

లాంతరు మామ చటుక్కున లేచి నిలబడ్డాడు. "ఆమెన్ అన్నవ్ సర్దారూ!"

"ఏంది? ఏం అన్న? కన్నంటుకున్నదిరా, నిద్రల అన్న!"

"నేను గూడ పరధ్యానంల అన్న గద. నన్ను ఇడిసిపెట్టినవా? దేవుని ముంగట సంతకం. ఎనక్కి మర్రుడు లేదు."

సర్దారు అందరి వంకా చూశారు. చివరికి కూతురి వంక చూశారు. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని, "ఇంక ఏం జేస్త. చాయ్ పెట్టు బిడ్డా. అయ్యగారికి జర చక్కెర ఎక్కువెయ్యి" అన్నారు.

సర్దారు నిద్రలో పిల్లనిచ్చాడని కాలనీ అంతా చాలా ఏళ్లు చెప్పుకుని నవ్వింది. ఆయన కూడా ఆ నవ్వులో కలిసేవారు. మంచం పట్టిన తరువాత ఒకనాడు పక్కన కూర్చుని నేనే ఆ నిద్ర సంగతి ఎత్తాను. "నిద్ర ఏడిది అయ్యగారూ?" అన్నారు మెల్లగా. "మొత్తం ఇన్న. వాళ్లవ్వ పోయినంక అది నన్ను ఒక్కటి గూడ అడగలే. గా పొద్దు దాని గొంతు వణుకుతుంటే నేనెట్ల వద్దంట? కని సర్దారు మెత్తబడ్డడంటే బాయిల నా మాట ఎవడింటడు?" నేను లేచి ఆయనకు చాయ్ కలిపి, ఒక చెంచా చక్కెర ఎక్కువ వేశాను.

ఇప్పుడు ఇంట్లో సాయంకాలం ప్రార్థనకు మేమిద్దరమే. మా ఆవిడ నా నేరాలన్నీ వరుసగా దేవుడికి చెబుతుంది. "ప్రభువా, ఈయనకు చక్కెర మంచిది కాదని డాక్టర్ చెప్పిండు. నా మాట ఇంటలేడు. ఇయ్యాల గూడ డబ్బాల చెయ్యి వెట్టిండు. నీకు ఎరికే." నేను గడ్డం గుండెల మీదికి వాల్చి, కొంచెం గురక కూడా పెడతాను. పాపం, ముసలాయనకు నిద్రపట్టిందనుకుని ఆమె గొంతు తగ్గించి, ఈయన్ను ఇంకా కొన్నాళ్లు నాకు ఉంచు తండ్రీ అని అడుగుతుంది. అప్పుడు నేను ఇల్లదిరేలా ఆమెన్ అంటాను.