దగ్గుకు లుకాటు ఆకు

లుకాటు పండు మా కోరుట్లల దొరకది. డెహ్రాడూన్ పోయొచ్చిన మా చెల్లె ఒక డబ్బ పండ్లు, సంచెడు ఎండిన ఆకులు తెచ్చిచ్చింది. పండు పులుపు, తీపి కలిసి మంచిగుంది. "ఆకులు మరగవెట్టి మీ మామకియ్యక్కా, దగ్గు వోతదట" అన్నది. మా మామ బీడీలు తాగి తాగి దగ్గుతడు. ఆ బీడీలు చేసేది మా అత్తనే.

ఆకుల వెనక నూగుంటె, అది పోవాలని బకిట్ల నానవెట్టి అంగడికి పోయిన. మా ఇంట్ల ఆకు నానిందంటె బీడీల పనే అన్న సంగతి మర్చిన. నేనచ్చేసరికి అత్త చాట ఒళ్లె వెట్టుకొని, ఆకులన్ని కత్తిరించి, బీడీలు చుట్టి ఎండకు వెట్టింది. పైంగ నా మీదనే గరమైంది.

"ఏం తునికాకు తెచ్చినవే! చేతులన్ని దురద!"

"అది కషాయం ఆకత్తమ్మా!" అని నేను మొత్తుకుంటుండంగనే మామ ఒకటి ముట్టిచ్చి గట్టిగ దమ్ము గుంజిండు. కండ్లల్లకెల్లి నీళ్లు కారినయి. బీడీ ఇసిరికొట్టి, "ఇగ నా జన్మల బీడీ తాగ" అన్నడు.

అన్నట్టే తాగలె. దగ్గు పోయింది. ఎవలడిగినా లుకాటు ఆకు దగ్గుకు మంచిదనే చెప్తున్న. ఎట్ల వాడాలె అంటె మా అత్త చాట చూపెడ్తున్న.