ఒత్తులు మింగిన అర

కుంచె పట్టి బోర్డులు రాసే తరం వెళ్ళిపోయి, రంగు ప్లాస్టిక్ రేకుల మీద అక్షరాలను కత్తితో కోసే యంత్రాల తరం వచ్చి, ఆ యంత్రాలు కూడా ముసలివై, వాటిని చేసిన సంస్థలు మూతబడి, వాటి భాష తెలిసినవారు ఒక్కరొక్కరే మరుగైపోతున్న రోజుల్లో, కాలపురుషుడు దేనినైనా మరపు అనే ఒకే గోతిలోకి తోసేస్తాడు గనుక ఆయన చేయి పడకముందే ప్రతి వస్తువునూ దాని దాని అరలో పెట్టి తీరాలని కంకణం కట్టుకొన్న ఇల్లాలు ఒకామె ఉండేది. ఆమెను భర్త ముద్దుగానూ, అత్తగారు విసుగ్గానూ, తోటి పనివారు భయభక్తులతోనూ ‘అరలమ్మ’ అనేవారు.

అరలమ్మ వృత్తి కెర్నల్ సంరక్షణ. కంప్యూటరు దేహమైతే, అందులో కంటికి కనపడకుండా ఉండి అన్ని అవయవాలనూ ఆడించే ప్రాణం కెర్నల్. ఆమె పనిచేసే కెర్నల్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, ఊరికే తీసుకుపోవచ్చు. కీబోర్డు, ప్రింటరు, కెమెరా వంటి బయటి పరికరాలు ఆ ప్రాణంతో మాట్లాడాలంటే ఒక్కొక్క దానికి ఒక్కొక్క దుబాసి కావాలి. ఆ దుబాసితనం చేసే కోడును డ్రైవరు అంటారు. అటువంటి డ్రైవర్లను జాతివారీగా ఫోల్డర్లలో సర్దడం అరలమ్మ బాధ్యత.

కోడలు డ్రైవర్లను చూసుకుంటుందని విన్న కొత్తలో అత్తగారు పొంగిపోయి, మా పిల్ల చేతికింద వేలాదిమంది డ్రైవర్లని చుట్టాలందరికీ చాటింది. పెద్దాడపడుచు ఒక దూర ప్రయాణం పెట్టుకొని, తాగుడు అలవాటు లేనివాణ్ణి ఒకణ్ణి పంపమని కబురు చేసింది. తన దగ్గరివాళ్ళు ఏమీ ముట్టరు గాని చాలామంది పిలిచినా పలకరని అరలమ్మ వినయంగా జవాబిచ్చింది. ప్రభుత్వోద్యోగులు కాబోలు అనుకొని ఆడపడుచు ఊరుకుంది.

ఆ ఫోల్డర్ల సంసారంలో అరలమ్మ కంట్లో నలుసు ఒకటుండేది. దాని పేరు ‘ఇతరములు’. ఏ జాతికీ చెందని డ్రైవర్లను పూర్వులు అందులో పడేసి చేతులు దులుపుకొన్నారు. శాస్త్రం ఎరిగినవాడు ‘ఇతరములు’ అనడు, సోమరే ఆ మాట అంటాడు అని ఆమె మతం. కాబట్టి కెర్నల్ కొత్త ప్రతి విడుదలయ్యేనాటికి ఆ ఫోల్డరును ఖాళీ చేసి తుడిచిపెడతాననీ, అప్పటికీ ఏ ఇంటా చోటు దొరకని డ్రైవరును కెర్నల్ నుంచే తొలగిస్తాననీ తోటివారందరి ముందు ప్రతిజ్ఞ చేసింది. అందరికీ పైనున్న పెద్దాయన, మితభాషి గనుక, సరే అన్నాడు.

ప్రతిజ్ఞ వంటింటికి కూడా పాకింది. అత్తగారు కింది సొరుగులో దాచుకొన్న దారపుండలు, బొత్తాలు, పిడి ఊడిన గరిటె, ఎందుకుందో తెలియని తాళంచెవి చెల్లాచెదురై జాతులవారీగా సర్దుకొన్నాయి. ఒకనాటి ఉదయం అత్తగారు పిన్నీసు కోసం వెదికి వెదికి అలసి, చివరకు కోడలినే అడిగింది.

“గుచ్చేవాటిలో ఉంది అత్తయ్యా. ఫోర్కుల పక్కన.”

“అలాగా తల్లీ. నీ మాటలు కూడా ఆ సొరుగులోనే పెట్టావా?”

అరలమ్మ భర్తది వీధి చివర బోర్డుల దుకాణం. తండ్రి విడిచిపోయిన అక్షరాలు కోసే యంత్రం ఒకటే ఆయన ఆస్తి, ఆయుధం, అన్నదాత. దాని వంటి యంత్రం ఇప్పుడు ఎక్కడా దొరకదు. దాని డ్రైవరు ఆ ‘ఇతరములు’లోనే ఉండేది. ఆయనకు ఒక వ్రతముంది. భార్య వండినది మొదట తాను తినాలి, భార్య సర్దిన కెర్నల్ మొదట తన దుకాణంలో నడవాలి. రెండు విషయాల్లోనూ కొన్నిసార్లు కడుపునొప్పి వచ్చినా వ్రతభంగం చేయలేదు.

ఎదురు మేడలో పళ్ళ డాక్టరు కొత్తగా వైద్యశాల తెరవబోతూ బోర్డు పని ఆయనకే అప్పగించిన వారంలోనే, అరలమ్మ ఆ డ్రైవరును తీసి ప్రింటర్ల ఫోల్డరులో పెట్టింది. అక్షరాలు పుట్టించేది ప్రింటరు కాక మరేమిటని ఆమె తర్కం. ప్రింటర్ల ఇంటి ఆచారం ఒకటుంది: పని ముగియగానే కాగితాన్ని బయటకు నెట్టేయాలి. కోతయంత్రంలో ఉండేది కాగితం కాదు, గది పొడవును మించిన రేకు చుట్ట. మొదటి అక్షరం కోసి ముగించగానే యంత్రం ఆచారం పాటించింది. రేకు బల్ల దిగి, గడప దాటి, వీధి దాటి, ఎదుటి టీకొట్టులో బల్లల కిందుగా పోయి ఆగింది. కొట్టు యజమాని దానిని చుట్టుకొంటూ దుకాణానికి వచ్చి, మీ ఇంటి పిలుపులు ఇంత పొడుగ్గా ఉంటాయని తెలియదని చెప్పి పోయాడు.

అరలమ్మ నొచ్చుకొని, దానిని మోటార్ల ఫోల్డరుకు మార్చింది. కత్తిని తిప్పేది మోటారే గదా. ఈసారి రేకు కదలలేదు, కత్తి చక్కగా ఆడింది. భర్త సంతోషించి, కోసిన అక్షరాలను చూడకుండానే బోర్డుకు అతికించి, డాక్టరును పిలిచాడు. డాక్టరు కళ్ళజోడు సవరించుకొని బోర్డును ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి చదివాడు.

‘పళ డాకరు. నొపి లేకుండా పళు పీకబడును. కటుడు పళు అమరబడును.’

“బాబూ, పీకడం నా పని కదా” అన్నాడు శాంతంగా. “నేను రాకముందే మీరు ఒత్తులన్నీ పీకేశారేమిటి?”

తెరిచే రోజు దగ్గరపడిందనీ, ఒత్తులు రాకపోతే బోర్డు మరొకచోట చేయించుకుంటాననీ కూడా చెప్పి వెళ్ళాడు.

అక్షరమంటే నశించనిదని పెద్దలు చెప్పారు గాని, అక్షరం కింది ఒత్తుకు ఆ అభయం ఇచ్చినట్టు లేదు. కారణం అరలమ్మకు త్వరలోనే తెలిసింది. ఆ ముసలి యంత్రం ముందు తల్లి అక్షరాన్ని కోసి, కత్తిని ఎత్తి, ఒక ఊపిరి తీసుకొని, అప్పుడు కింద ఒత్తు కోస్తుంది. మోటార్ల ఇంటి ఆచారమేమంటే, ఆగిన మోటారును విద్యుత్తు ఆదా కోసం వెంటనే నిద్రపుచ్చాలి. యంత్రం ఊపిరి తీసుకొన్న ప్రతిసారీ జోల పడుతున్నది; ఒత్తు కోయమన్న ఆజ్ఞ నిద్రలో కలిసిపోతున్నది; తరువాతి అక్షరం వచ్చి తట్టి లేపుతున్నది.

ఆమె ఆ రెండు ఫోల్డర్ల సంరక్షకులకూ మెయిలు పెట్టి, ఈ ఒక్క యంత్రానికి ఆచారం సడలించమని వేడుకొంది. సిరా ఎరగనివాడికి తమ పంక్తిలో పీట వేయలేమని ప్రింటర్లాయన రాశాడు. నిద్రపోనివాడు తమ వంశంలో పుట్టలేదని మోటార్లామె రాసింది. డ్రైవరు రెంటికి చెడ్డ రేవడి అయింది. ఇక మిగిలింది ప్రతిజ్ఞ. ఏ ఇంటా చోటు దొరకనిదానిని తొలగించాలి; తొలగించవలసినది తన చేయి; తొలగేది భర్త అన్నదాత.

ఆ సాయంత్రం అందరూ భోజనాలకు కూర్చున్నారు. యంత్రాన్ని పాత కెర్నల్ మీదే ఉంచుకొంటానులే, నీ మాట పోకూడదు అని భర్త మెల్లగా అన్నాడు. తన కెర్నల్ తన మొగుడే వాడడం లేదని రేపు లోకం అనదా అని అరలమ్మ కంచం వైపు చూస్తూ అడిగింది. గరిటె ఏ జాతిలో చేరిందోనని వెదుకుతున్న అత్తగారు అప్పుడు సంగతేమిటని అడిగి, కొడుకు చెప్పినదంతా విని, పకపకా నవ్వింది.

“ఒత్తు లేకపోతే నేను అతనైపోతాను కదుటే. అతగారు!”

అరలమ్మకు నవ్వు రాలేదు.

“అయితే దాన్ని ఎక్కడ పెట్టను అత్తయ్యా? మీరే చెప్పండి.”

“ఇంటికొచ్చిన ప్రతివాడూ వంటింటికో పడకగదికో చెందుతాడా? వడ్రంగి వస్తాడు, పక్కింటాయన వస్తాడు, దారి తప్పినవాడు వస్తాడు. ఎవరని అడిగి తగలేస్తామా? వాళ్ళకోసమేగా వసారా కట్టించుకొనేది. వసారా ఉన్నంతమాత్రాన ఇల్లు చిందరవందర అయినట్టా?”

అరలమ్మ చాలాసేపు అన్నం కలుపుతూనే ఉంది. తరువాత కంచంలో చేయి కడిగేసి లేచింది. కంచంలో చేయి కడగడం ఆ ఇంట నిషిద్ధమని గుర్తుచేయబోయిన అత్తగారిని కొడుకు కనుసైగతో ఆపాడు.

మర్నాడు అందరి ముందూ ఆమె ఇలా రాసింది: తన ప్రతిజ్ఞ తప్పు, జాతి తెలియనిది జాతి లేనిది కాదు, తెలియనిదానిని తెలిసినదాని పేరుతో పిలిస్తే ఒత్తులు రాలిపోతాయి. తుడిచిపెడతానన్న ఫోల్డరును ‘వసారా’ అనే పేరుతో నిలుపుతున్నాననీ, మిగిలినవాటికి ఇళ్ళు దొరికాయి గనుక అందులో తన భర్త యంత్రపు డ్రైవరు ఒక్కటే ఉంటుందనీ మనవి చేసింది. మాట తప్పినందుకు నవ్వుతారని చెవులు ఎర్రబడి కూర్చుంది.

పెద్దాయన ఒక్క పదంలో జవాబిచ్చాడు: “కూర్చోనివ్వండి.”

ఆ వారం తిరగకముందే ప్రింటర్లాయన ఎవరూ చూడకుండా రశీదులూ కోసే, రొట్టెలూ కోసే ఒక విచిత్ర యంత్రపు డ్రైవరును వసారాలో దించి పోయాడు. మోటార్లామె నిద్ర పట్టని ఒక పంకాను తెచ్చి దాని పక్కన కూర్చోబెట్టింది. విడుదలనాటికి వసారా మునుపటి ‘ఇతరముల’ కంటె కిటకిటలాడింది. అరలమ్మ పళ్ళు కొరుక్కొంది గాని ఎవరినీ లేవమనలేదు. ఏ ఇంటి ఆచారమూ మీద పడక దుకాణంలో యంత్రం మునుపటివలె ఊపిరి తీసుకొని, తీసుకొని, ఒక్క ఒత్తైనా జారకుండా కోసింది. డాక్టరు గుమ్మం మీద బోర్డు ఎక్కింది. కింది సొరుగు కూడా అత్తగారి స్వాధీనానికి తిరిగి వచ్చింది. పిన్నీసు మాత్రం ఫోర్కుల పక్కనే ఉండిపోయింది, అక్కడ దొరకడం అలవాటైంది గనుక.

సర్వవస్తువులకూ చోటిచ్చిన ఆ జగద్భర్త అరలమ్మ అరలను చల్లగా చూచును గాక. ఆమె భర్త కత్తికి పదును, అత్తగారి నాలుకకు అంతకంటె కొంచెం తక్కువ పదును అనుగ్రహించును గాక. ‘అత్త’ అన్న మాటలో తకారం కింద తకారం ఒదిగి నిలిచినట్టు ఆ ఇంటివారు ఒకరికొకరు ఆనుకొని నిలుతురు గాక. వారి వసారా ఏనాడూ ఖాళీగా ఉండకుండును గాక.