సిగ్నిఫికెంట్లీ మావయ్య

మా మావయ్య నోట్లో ఎప్పుడూ రెండే ఉంటాయి. గుండుసూదులు, లేకపోతే ‘సిగ్నిఫికెంట్లీ’.

ఆయన టైలరు. ఆయన షాపులో దారం ఊరికే తెగదు, సిగ్నిఫికెంట్లీ తెగుతుంది. కరెంటు సిగ్నిఫికెంట్లీ పోతుంది. తుమ్ము వస్తే ముందు ఆపుకుని, “సిగ్నిఫికెంట్లీ వస్తోందిరా” అని ప్రకటించి మరీ తుమ్ముతాడు.

ఒకసారి ఓ బ్యాంకు క్లర్కు ప్యాంటు పట్టుకొచ్చాడు.

“పిక్కల దగ్గరే ఆగిపోయిందేమయ్యా?”

“ప్యాంటు సరిగ్గానే ఉందండీ. మీరే సిగ్నిఫికెంట్లీ ఎదిగారు.”

క్లర్కుకు యాభై దాటాయి. అద్దంలో ఓసారి చూసుకుని, నిటారుగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నాకు చదువు ఎక్కలేదు. కాలేజీ మానేసి మావయ్యావాళ్లింట్లో పడ్డాను, చొక్కా బొత్తాలకు కాజాలు కుట్టడం నేర్చుకుంటున్నాను. ప్రతి ఆదివారం నాన్న భోజనానికి వచ్చేవాడు, అన్నంతోపాటు నన్నూ నమిలేయడానికి.

“ఏరా, మళ్లీ కాలేజీలో ఎప్పుడు...” అని ఆయన మొదలుపెట్టగానే మావయ్య గ్లాసు ఎత్తేవాడు.

“బావా, మంచినీళ్లు సిగ్నిఫికెంట్లీ చల్లగా ఉన్నాయి.”

“ఆ మాటకి అర్థం తెలుసా నీకు?”

“తెలీదు బావా. చెప్పు.”

చేతులు కడుక్కునేదాకా పాఠం మావయ్యకే.

ఓ రోజు విసుగొచ్చి అత్తయ్యను అడిగాను.

“ఈ జబ్బు ఎప్పట్నించి అత్తయ్యా? నా చిన్నప్పుడు లేదే?”

“నువ్వొచ్చిన దగ్గర్నుంచి. మొదటి ఆదివారం మీ నాన్నగారు నిన్ను చీవాట్లు పెడుతుంటే, ఈయన చూడలేక నోటికొచ్చిన ఇంగ్లీషు ముక్క అనేశారు. మీ నాన్నగారు పడీపడీ నవ్వి నిన్ను వదిలేశారు. అంతే, దాన్నే పట్టుకున్నారు.”

“మరి షాపులో కూడా ఎందుకు?”

“అలవాటు తప్పితే ఆదివారం తడుముకోవాలట.”

ఆ వారంలోనే నాన్న నేరుగా షాపుకి వచ్చేశాడు. ఆదివారం దాకా ఆగలేకపోయాడు.

“ఇవాళ తేల్చరా. ఏం చేద్దామని?”

మావయ్య అడ్డుపడబోయాడు. నోటినిండా గుండుసూదులు. “మ్, మ్” అంటూ నావైపోసారి, నాన్నవైపోసారి చూశాడు.

ఇక నేనే అన్నాను.

“కాజాలు సిగ్నిఫికెంట్లీ వచ్చేశాయి నాన్నా.”

మిషను ఆగిపోయింది. నాన్న నేను కుట్టిన చొక్కా తీసుకుని, వాకిట్లో వెలుతురుకు పెట్టి ఒక్కో కాజా చూశాడు. తర్వాత తన చొక్కా విప్పి నా ఒళ్లో పడేసి, బనీనుతో స్టూలు మీద కూర్చున్నాడు.

“పై కాజా సాగిపోయింది. చూడు.”

మావయ్య సూదులన్నీ తీసి డబ్బాలో వేశాడు.

“బాగా కుడతాడు బావా.”

“ఏదీ, నీ మాట?”

“వాడికిచ్చేశా.”